గది వైపు కట్టిన గోనెపట్ట

పేరు లేని పని

నేను చేసిన పనికి మా వైపు పేరు లేదు. మదనపల్లెలో నన్ను ఏసీ ఆయప్ప అన్నారు, పుంగనూరులో ఏసీ సారు అన్నారు, కుప్పంలో నా ముందర ఒకటి, నా వెనక ఇంకొకటి అన్నారు. ఏసీ బిగించడం నా పని కాదు, రిపేరు చేయడం అంతకన్నా కాదు. ఆ మాట ఎన్ని ఇళ్ళలో చెప్పినా, టీ తాగే లోపల ఎవరో ఒకరు తమ ఫ్రిజ్ కూడా ఒకసారి చూడమనేవారు. మొహమాటానికి కొన్నిసార్లు చూశాను కూడా.

అసలు పని ఇది. ఈ మధ్య మా ఊళ్ళలో కూడా పెద్ద పెద్ద ఇళ్ళు లేచాయి. గదికో ఏసీ కాకుండా ఇల్లంతటికీ ఒకే మిషను పెట్టి, ఫాల్స్ సీలింగ్ పైన రేకు గొట్టాలు పరుస్తారు. వాటిని డక్టులంటారు. కొన్ని గొట్టాలు గదుల్లోని గాలిని వెనక్కి లాక్కుంటాయి, కొన్ని దాన్ని చల్లబరిచాక మళ్ళీ గదుల్లోకి పంపుతాయి. ఆ గొట్టాలు అతుకుల దగ్గర ఎంత గాలి వదులుతున్నాయో కొలవాలి. గదుల్లో గాలి వచ్చే జాలీలన్నిటికీ ప్లాస్టిక్ కాగితం వేసి టేపు అంటిస్తాను. ఒక్క చోట మాత్రం నా ఫ్యాను తగిలించి గొట్టాల్లోకి గాలి ఊదుతాను. గొట్టాలు గట్టిగా ఉంటే మీటర్లో గాలి ఒత్తిడి అంకె ఇరవై అయిదు పాస్కల్స్ దగ్గర నిలబడుతుంది, ఫ్యాను తేలిగ్గా తిరుగుతుంది. చిల్లులుంటే ఫ్యాను రొప్పుతుంది, అంకె పైకి రాదు. అంతే పని.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మీటరు సంగతి నాకంటే బాగా తెలుసు. అందుకని దాని గురించి రాయను. నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, అది రాస్తాను. అన్నీ మూసి, ఫ్యాను వేసి, నువ్వొక్కడివే నిలబడ్డప్పుడు ఇల్లు ఇంతకు ముందున్న ఇల్లుగా ఉండదు. దగ్గరకేసిన తలుపు కొంచెం కదులుతుంది. కర్టెన్ గోడకు అంటుకుంటుంది. ఎవరూ లేని పైగదిలో ఎవరో మంచం మీద లేచి కూర్చున్నట్టు చప్పుడవుతుంది. రేకు సాగి చప్పుడు చేసిందని నీకు తెలుసు. తెలిసినా మెట్ల వైపు చూస్తావు. నేను చివరి రోజు వరకూ చూశాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

కుప్పంలో దగ్గు

కుప్పంలో గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన ఇల్లు. మూడంతస్తులు. మధ్యాహ్నం పూట పైగదిలో పడుకుంటే జాలీలోంచి ఎవరో దగ్గుతున్నారని ఆయన భార్య చెప్పింది. ఆమె పడుకున్నప్పుడు ఇంట్లో ఇంకెవరూ ఉండరు. ఆమె ఆ గదిలో పడుకోవడం మానేసింది, తర్వాత ఆ అంతస్తు ఎక్కడమే మానేసింది.

నేను ఆ గదిలో ఒక్కడినే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి దగ్గు వినబడింది. లోతైన దగ్గు, ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గు. నా చెవి పక్కనే ఉన్నట్టుంది. లేచి గది అంతా చూశాను, మంచం కింద కూడా చూశాను.

గొట్టం వెంట వెతుక్కుంటూ పోతే కింద ఒక అతుకు ఊడి ఉంది. దాని వెనక గోడ, గోడకు ఆనుకుని వాచ్‌మన్ షెడ్డు. వాచ్‌మన్ మధ్యాహ్నం షెడ్డులో తలుపేసుకుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఎవరైనా వింటే పనిలోంచి తీసేస్తారని అతని భయం. ఎవరూ వినకూడదని దాచుకున్న దగ్గు నేరుగా యజమానురాలి దిండు దగ్గరికి పోతోంది.

అతుకు బిగించాను. రేకు సాగడం వల్ల చప్పుడొచ్చిందని ఆమెకు చెప్పాను. అబద్ధమే, మళ్ళీ చెప్పాల్సి వస్తే మళ్ళీ చెబుతాను. పోతూ పోతూ వాచ్‌మన్‌తో, "పెద్దాసుపత్రిలో సూపించుకో, మందులు ఊరికే ఇస్తారు" అన్నాను. అతను నాకేసి చూసి, "మీకెట్ల తెలిసె సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఇంకా భయపడతాడని చెప్పలేదు. ఇంట్లో ఎవరు ఏం దాచుకున్నా గొట్టానికి తెలుస్తుంది, కొలిచేవాడికి తెలుస్తుంది. ఈ పనిలో నోరు అదుపులో పెట్టుకోవడం టేపు అంటించడం కంటే ముందు నేర్చుకోవాలి.

మూర్తి మాట

నా పై అధికారి మూర్తి బెంగళూరులో కూర్చునేవాడు. మా కంపెనీలో అంతకంటే తెలివైన మనిషిని చూడలేదు, అంతకంటే కరుకైన మనిషినీ చూడలేదు. "అంకె రాసుకో, వచ్చేయ్" అనేది ఆయన మంత్రం. ఇంటివాళ్ళ గొడవలు వినొద్దు, కాఫీ రెండోసారి తాగొద్దు, డక్టు గురించి తప్ప దేని గురించీ అభిప్రాయం చెప్పొద్దు. కుర్రతనంలో ఆయన మీద ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఆయన చెప్పింది చాలాసార్లు సరైనదేనని ఒప్పుకున్నాను. అన్నదమ్ముల వాటాల తగాదాలో ఏసీవాడి మాట సాక్ష్యంగా వాడుకున్న ఇల్లు ఒకటి నాకు తెలుసు.

అయినా కొత్తగా వచ్చేవాళ్ళకు ఆయన మంత్రం నేను చెప్పను. ఎందుకో చెప్పాలంటే పుంగనూరు ఇంటి సంగతి చెప్పాలి.

హేమ ఫోను

ఒక బుధవారం మదనపల్లెలో నా ఆఫీసుకు ఫోనొచ్చింది. ఆడమనిషి గొంతు, ఎవరికీ వినబడకుండా మాట్లాడుతోంది.

"అన్నా, పుంగనూరు నుంచి హేమని. మా ఇంట్లో ఏసీ గాలి బాగలేదు. వచ్చి సూడండి."

వచ్చే వారం వస్తానన్నాను.

"శుక్రవారం లోపల రావాల అన్నా. శుక్రవారం పొద్దున నన్ను పంపించేస్తాండారు. పాప ఈడే ఉంటాది."

ఆ మాటకు అర్థం ఏమిటో మర్నాడు పోయాక తెలిసింది. హేమ మామ టమాటా మండీ యజమాని. వేసవి మొదట్లో పోయాడు. అప్పటి నుంచి తెల్లవారుజామున ఆయన వచ్చి పాప మంచం దగ్గర నిలబడుతున్నాడని హేమ అంటోంది. ఆ వేళకు ఆమెకు తల బద్దలవుతుంది, కాళ్ళు కదలవు, లేవబోతే పడిపోతుంది. రెండేళ్ళ పాప పొద్దెక్కినా లేవదు, లేచినా మెడ నిలపదు, పాలు తాగితే కక్కేస్తుంది. డాక్టరు జ్వరం మందు రాసిచ్చాడు. ఇంట్లోవాళ్ళు హేమకు గాలి సోకిందని తేల్చుకున్నారు. శుక్రవారం పొద్దున కారు మాట్లాడి ఆమెను ఎక్కడికో తీసుకుపోయి దయ్యానికి కట్టు కట్టిస్తారు, అటునుంచి అటే సోమలలో పుట్టింట్లో దించేస్తారు. నయమయ్యేదాకా పాప నానమ్మ దగ్గరే ఉంటుంది. నయమైందని ఎవరు తేల్చాలో ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతంతా నాకు హేమ భర్త లోకేశ్ హాల్లో కూర్చుని చెప్పాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

"నేను ఆయన కొడుకుని కదా సార్. నాకు కనపడని మా నాయన ఆయమ్మికే యాల కనపడతాడు? పాపకి ఏమైనా అయితే ఎవరు సెప్తారు?" అన్నాడు.

"నువ్వు ఆ వేళకి ఇంట్లో ఉంటావా?" అని అడిగాను.

"నేను సీకటితోనే మండీకి పోతాను సార్. వేలం పాట కదా."

ఇద్దరం మాట్లాడుకుంటున్నంతసేపూ అతని తల్లి ఈశ్వరమ్మ మాకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుని ఉంది. మావైపు కాదు, హాలు చివర తాళం వేసి ఉన్న ఒక తలుపు వైపు తిరిగి. తలుపు కింద సందులో కూడా పాత చీర చుట్టి కుక్కారు.

తాళం వేసిన గది

అది పెద్దాయన గది. ఆయన ధనిష్ఠా పంచకంలో పోయాడు. ఆ నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఇల్లు కొన్ని నెలలు మూసేయడం మా వైపు ఆచారం. వెనకటి రోజుల్లో కుటుంబమంతా ఇల్లు వదిలి వేరేచోట తలదాచుకునేది. ఇప్పుడు ఇంత ఇల్లు వదిలి ఎక్కడికి పోతారు, అందుకని పోయిన గదిని మాత్రమే మూస్తారు. ఆరు నెలలు తెరవకూడదు, దీపం పెట్టకూడదు, ఆ గది గాలి మిగతా ఇంటికి తగలకూడదు. నేను ఆచారాలతో వాదించను. చెప్పులు బయట విడిచి పనిచేసుకుంటాను.

జాలీలన్నీ మూశాను. తాళం వేసిన గదిలో జాలీ మూయలేను కాబట్టి ఆ సంగతి అడిగాను. ఆ గది గొట్టాన్ని ముందే తెంపేశామని లోకేశ్ అన్నాడు. సరే అని ఫ్యాను వేశాను. ఫ్యాను రొప్పింది. వేగం పెంచాను. ఇంకా పెంచాను. పూర్తి వేగంలో కూడా అంకె సగానికి రాలేదు. ఏ అతుకులోనో కారే గాలి కాదు అది. ఎక్కడో గొట్టం నోరు తెరుచుకుని ఉంది.

అప్పుడు తాళం వేసిన తలుపు కదిలింది. లోపలి నుంచి ఎవరో భుజం ఆనించి మెల్లగా తోస్తున్నట్టు, వదిలేసి మళ్ళీ తోస్తున్నట్టు. తాళం గొళ్ళేనికి తగిలి టకటకమంటోంది. కింద కుక్కిన చీర అంగుళం అంగుళం బయటికి వస్తోంది. లోకేశ్ వెనక్కి పోయి గోడకు ఆనుకున్నాడు. హేమ పాపను ఎత్తుకుని వీధి గుమ్మంలోకి పరిగెత్తింది. ఈశ్వరమ్మ మాత్రం లేచి తలుపు దగ్గరికి పోయి, చేతులు జోడించకుండా, ఏడవకుండా, అరచెయ్యి తలుపు మీద పెట్టి నిలబడింది. నాకు వెన్ను చల్లబడింది. నా ఫ్యాను గాలే ఏ సీలింగ్ సందులోంచో ఆ గదిలోకి దిగి తలుపును తోస్తోందని తెలిసి కూడా చల్లబడింది. పోయి ఫ్యాను ఆపాను. తలుపు ఆగింది.

ఆ గది గొట్టం తెంపింది ఎవరని అడిగాను. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ మణిని పిలిపించారు. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు, బయటే నిలబడి చెప్పాడు.

"దినాలైనంక లోకేశన్న సెప్తే సీలింగ్ పైకెక్కి కోసేసినా సార్. ఆ గదిలోంచి గాలి లాక్కునే గొట్టం అది, గాలి వదిలే జాలీని తాళం ఏయకముందే లోపల మూసేసినారు. గది వైపు ముక్కకి గోనెపట్ట సుట్టి బాగా బిగించి కట్టినా. ఆడ్నుంచి ఇసుమంత గాలి రాదు."

"ఇంకో ముక్క? మిషను వైపుది?"

మణి నన్ను వింతగా చూశాడు. "అది ఇంట్లో వాళ్ళదే కదా సార్. దానికేం భయం?"

చనిపోయినాయన వైపు చివరను గట్టిగా కట్టాడు. బతికున్నవాళ్ళ వైపు చివరను తెరిచి వదిలేశాడు. అప్పటి నుంచీ మిషను ఆ గదిలోంచి కాక, సీలింగ్ పైనున్న చీకట్లోంచి గాలి లాక్కుని ఇల్లంతా పంచుతోంది. చదువుకున్న ఇంజనీరు ఈ తప్పు చేయడు, ఎందుకంటే అతనికి ఆ గదంటే భయం ఉండదు.

సాంబ్రాణి

ఆ చీకట్లో ఏముందో చూడాలి. గాలి ఎటు పోతోందో చూడటానికి కంపెనీ ఇచ్చే పొగ పుల్ల నాకు నచ్చదు, దాని వాసనకు ఇంట్లోవాళ్ళు దగ్గుతారు. నేను సాంబ్రాణి వాడతాను. ఇంటివాళ్ళను ఏసీ మామూలుగా నడపమని చెప్పి, రేకు మూతలో సాంబ్రాణి వెలిగించి, టార్చితో సీలింగ్ పైకెక్కాను. కింద నుంచి ఎవరో సణుగుతున్నట్టు ప్రార్థన వినబడింది. నేను కూడా ఏదో తంతు చేస్తున్నాననుకున్నారు. కాదని చెప్పడానికి పైనుంచి అరవడం బాగుండదని ఊరుకున్నాను.

పైన వంగి నడవాలి. సాంబ్రాణి పొగ నిట్టనిలువుగా లేవలేదు. నా చేతి దగ్గర నుంచి దారంలాగా సాగి, చీకట్లోకి ఒకే వైపు పోయింది. దాని వెనక పోయాను. తెగిన గొట్టం నోరు కనిపించింది, పొగ అందులోకి దిగిపోతోంది. దానికి ఎదురుగా కొంచెం దూరంలో గోడలోంచి పొడుచుకుని వచ్చిన ఇంకో సన్న గొట్టం ఉంది. దాని మూతి చుట్టూ సీలింగ్ పలక నల్లబడి ఉంది. వెనక బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంది. దాని పొగగొట్టం బయటికి కనబడితే ఇంటి అందం చెడుతుందని ఇంటీరియర్ వాళ్ళు సీలింగ్ పైనే వదిలేశారు. గీజరు వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత కాళ్ళు కదలవు, లేనివి కనబడతాయి, తర్వాత నిద్ర వస్తుంది. ఆ నిద్రలోంచి చిన్నపిల్లలు పెద్దవాళ్ళకంటే ముందు లేవడం మానేస్తారు.

కిందికి దిగి గీజరు ఎప్పుడు వాడతారని అడిగాను.

"వాడం సార్. మిద్దె మీద సోలార్ ఉండాది. గీజరు మా నాయనకి పెట్టిచ్చింది. ఆయనకి తెల్లారకముందే నీళ్ళు పోసుకునే అలవాటు, ఆ టయానికి సోలార్ నీళ్ళు కాగవని. ఆయన పోయినంక దాన్ని ఎవురూ ముట్టుకోలే" అన్నాడు లోకేశ్.

నా దగ్గరున్న గ్యాస్ మీటరు పాప గదిలో పెట్టాను. ఏమీ చూపించలేదు. గీజరు వెలగకపోతే ఎందుకు చూపిస్తుంది? మూర్తికి ఫోను చేశాను. "డక్టు ఫెయిల్ అని రాసి వచ్చేయ్. తెగిన చివర మూసెయ్. మిగతాది వాళ్ళ సమస్య" అన్నాడు. చివర అప్పుడే మూసేసి ఉంటే గాలి బాగుపడేది. కానీ శుక్రవారం పొద్దున కారు వస్తుంది, హేమ ఎక్కుతుంది, ఆమె పోయాక పాప బాగయితే ఆమె పోవడం వల్లనే బాగయిందని అందరూ నమ్ముతారు. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఆ ఇంటికి రానివ్వరు. మూర్తికి ఇది చెబితే ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రికి ఏసీ వేయొద్దని, కిటికీలు తెరుచుకుని పడుకోమని చెప్పాను. రేపు పొద్దున మండీకి పోవద్దని లోకేశ్‌ను బతిమాలాను. నేను లాడ్జిలో ఉండిపోయాను.

శుక్రవారం పొద్దున

తెల్లవారకముందే పోయాను. హేమను, పాపను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ళ గది కిటికీలు మూసి, ఏసీ వేయించి, ఖాళీ మంచం మీద గ్యాస్ మీటరు పెట్టాను. లోకేశ్, నేను ఆ గది గుమ్మంలో నిలబడ్డాం. చల్లగాలికి పాప దోమతెర ఊగుతోంది. కాసేపు ఏమీ లేదు.

తర్వాత ఇంటి వెనక నుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. బకెట్‌లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. లోకేశ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారు?" అన్నాను.

"ఎవురూ లేరు సార్. అమ్మ పూజ గదిలో ఉంటాది ఈ టయానికి."

మీటరు మొదట ఒకసారి కూసింది. ఆగింది. మళ్ళీ కూసింది. తర్వాత ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. లోకేశ్ ఆ మీటరు వైపు, ఖాళీ మంచం వైపు మార్చి మార్చి చూశాడు. నేను ఏసీ ఆపించి, కిటికీలు తెరిపించి, వెనక్కి నడిచాను.

బాత్రూం తలుపు, కిటికీ బార్లా తెరిచి ఉన్నాయి. గీజరు నీలంగా వెలుగుతోంది. ఇత్తడి బకెట్ నిండి పొర్లుతోంది, ఆవిరి లేస్తోంది. పీట మీద మడతపెట్టిన పంచె, దాని మీద సబ్బు పెట్టె. గుమ్మం బయట ఈశ్వరమ్మ భుజం మీద తువ్వాలు వేసుకుని, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. నలభై ఏళ్ళుగా అలాగే నిలబడేదట.

"అమ్మా" అన్నాడు లోకేశ్.

ఆమె వెనక్కి తిరగలేదు. "అరవొద్దప్పా. నీళ్ళు పోసుకుంటాండాడు" అంది.

లోకేశ్ నేల మీద కూర్చుండిపోయాడు. నేను ఆమె పక్కనుంచి చెయ్యి చాపి గీజరు ఆపాను. కుళాయి కట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పలేను. పనిలో నన్ను నిజంగా భయపెట్టిన క్షణం అదొక్కటే. తలుపు కదిలినప్పుడు కూడా అంత భయపడలేదు.

కారు వచ్చింది. హేమను, పాపను, ఈశ్వరమ్మను అందులోనే ఎక్కించుకుని ఆసుపత్రికి పోయాం. పాప రక్తంలో ఆ గ్యాసు జాడ ఇంకా కాస్త ఉందని డాక్టరు చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే లోకేశ్ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

కిటికీ

గీజరు తీయించేశాం. తెగిన చివరకు రేకు మూత వేసి బిగించాను. కొన్నాళ్ళకు మళ్ళీ కొలవడానికి పోయాను. పెద్దాయన గదికి తాళం అలాగే ఉంది, గడువు ఇంకా తీరలేదు. నా ఫ్యాను వేస్తే అంకె ఇరవై అయిదు దగ్గర నిలబడింది. తలుపు కదల్లేదు. పాప హాల్లో పరిగెడుతోంది. హేమ నాకు కాఫీ ఇచ్చింది, రెండోసారి కూడా ఇచ్చింది, తాగాను.

లోకేశ్ తేలికపడ్డ మనిషి కదా, ఎక్కువ మాట్లాడుతున్నాడు. "ఎవురూ రాలేదు పెట్టలేదు సార్. అంతా గ్యాసే. అనవసరంగా హేమని అన్ని మాటలు అంటిమి" అన్నాడు.

ఈశ్వరమ్మ ఎప్పటిలాగే నేల మీద కూర్చుని ఉంది. "నాకూ కనపడతా ఉండె" అంది.

లోకేశ్ ఆమె వైపు తిరిగాడు.

"దినామూ కనపడతా ఉండె. బాత్రూంలోంచి వచ్చి హేమ గదిలోకి పోతా ఉండె. నేను నోరు తెరిస్తే మీరు ఎవుర్నో పిలిపించి ఆయన్ని తోలేస్తారు. హేమకే పట్టిందంటే హేమని పంపిస్తారు, ఆయన ఈడే ఉంటాడు అనుకుంటి." ఆమె హేమ వైపు చూడకుండానే చెప్పింది. "నువ్వు సెప్పేది నిజమని నాకు తెలుసమ్మే. తెలిసే నిన్ను కారెక్కించబోతిని. పాప ఒళ్ళు బాగలేనిది దానివల్లని మాత్రం నాకు తెలీదు. ఆ దేవుని తోడు, తెలీదు."

లోకేశ్ లేవబోయాడు. హేమ అతన్ని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె మొహంలో కోపం కోసం చూశాను. ఉంది. కోపంతో పాటు ఇంకేదో కూడా ఉంది. ఇన్నాళ్ళూ తాను ఒక్కతే చూశాననుకున్న మనిషికి తోడుగా ఇంకో జత కళ్ళు దొరికినట్టుంది.

"నీతో ఏమన్నా మాట్లాడెనా అత్తా?" అని అడిగింది.

"ఒకటే మాట. 'కిటికీ తియ్యి ఈశ్వరీ' అనేవాడు. పోయినంక ఉక్కపోసేది ఏముండాది, ఎందుకు తియ్యమంటాడో అనుకుంటి. ఏసీ ఉండాది కదాని నేను తియ్యలే."

హేమ చేతిలో కాఫీ గ్లాసు మెల్లగా కింద పెట్టింది. "నాతోనూ అదే అనె" అంది. "'కిటికీ తియ్యి తల్లీ' అని. నేను ఎవురికీ సెప్పలే. పిచ్చిదంటారని సెప్పలే."

గ్యాసు తగిలిన ఒళ్ళు గాలి కోసం అల్లాడుతుంది, ఆ అల్లాడటమే చెవిలో మాటగా వినబడుతుంది, అందుకే ఇద్దరికీ ఒకటే వినబడింది. ఇది నాకు తెలుసు. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. కానీ ఒకరిని 'ఈశ్వరీ' అని, ఇంకొకరిని 'తల్లీ' అని పిలిచింది ఎవరో నాకు తెలియదు. నోరు మూసుకున్నాను.

ఈశ్వరమ్మ లేచి పాప గదిలోకి పోయింది. మేము వెనక పోయాం. మంచం తలాపున ఉన్న కిటికీ గడియ తీసి తోసింది. మిగతావి నేను ఆ శుక్రవారం తెరిపించాను కానీ, ఆ ఒక్కటి ఇల్లు కట్టినప్పటి నుంచీ తెరవలేదట, రంగు అంటుకుని బిగుసుకుపోయింది. ముసలి చేతులు, వాటి వల్ల కాలేదు. మళ్ళీ తోసింది. హేమ కాసేపు ఊరికే నిలబడి చూసింది. తర్వాత పాపను నా చేతికిచ్చి, పోయి అత్త పక్కన నిలబడి, తానూ చెయ్యి వేసి తోసింది.